ఉప్పులో మోగిన ఫోను

ఆ ఫోను బరువు నాలుగు వందల పద్దెనిమిది గ్రాములు. పక్కనున్న కిరాణా కొట్టు కాటా మీద పెట్టి నేనే తూచాను. చుట్టూ మందపాటి నల్ల రబ్బరు, అంచుల వెంట నారింజ రంగు గీత, నాలుగు మూలలా ఇనుప మరలు. చూడ్డానికి ముచ్చటగా ఏమీ లేదు.

రాజాంలో నాకు చిన్న మొబైల్ షాపు ఉంది. అమ్మడం, బాగుచేయడం కాక, కొత్త ఫోన్లు వాడి చూసి మంచిచెడ్డలు చెప్పే వీడియోలు కూడా తీస్తుంటాను. అవి చూసే ఢిల్లీ వైపు కంపెనీ ఒకటి జనవరి చివర్లో నాకు ఆ ఫోను పంపింది. ఎండలో, నీళ్లలో పనిచేసేవాళ్ల కోసం తయారుచేశారట. అలాంటి మనిషి చేత మూడు నెలలు రోజూ వాడించి, ఎంత గట్టిదో, చేతికి ఎలా ఉందో, ఎండలో తెర కనిపిస్తుందో లేదో రాసి పంపమన్నారు.

అలాంటి మనిషి అనగానే నాకు మా బావే గుర్తొచ్చాడు.

మా అక్క దీవెనను నౌపడ ఇచ్చాం. బావ పేరు కృపానిధి. నాలుగు ఉప్పు మడులు కౌలుకు తీసుకుని చేస్తాడు. జనవరి నుంచి వానలు పడేదాకా సీజను. ఉప్పునీళ్లు మడుల్లోకి వదలడం, ఎండకి అవి గడ్డకట్టాక చెక్క పలకతో ఉప్పు లాగడం, గట్టు మీద గుట్ట పోయడం. అయిదు నెలల చెమటంతా ఆ ఒక్క గుట్టలోనే ఉంటుంది.

మార్చి మొదటి ఆదివారం ఫోను పట్టుకుని వెళ్లాను. బావ దాన్ని అరచేతిలో పెట్టుకుని పైకీ కిందకీ ఊపి చూశాడు.

"ఇది ఫోనేటిరా, ఇటికా?"

"కింద పడేయ్ బావా. ఏం కాదు."

"నిజంగా పడేమంటావా?"

వరండా మెట్టు మీంచి సిమెంటు మీదకి వదిలాడు. మూల మీద పడి, ఎగిరి, బోర్లా పడింది. లోపల్నుంచి వాళ్లమ్మ జ్ఞానసుందరి అత్త పరుగెత్తుకొచ్చింది. "ఓలమ్మ, ఏటైనాది?" అంటూ. తీసి తుడిస్తే తెర మీద గీత కూడా లేదు. బావ చిన్నపిల్లాడిలా ఇంకో నాలుగుసార్లు పడేశాడు. అక్క నవ్వుతూ, "ఆ ఫోనుకి బతుకు మీద ఆశ ఎక్కువున్నాదిరా," అంది.

తర్వాత మడుల్లోకి నడిచాం. అసలు పరీక్ష అక్కడే. మిట్టమధ్యాహ్నం ఉప్పు మడిలో నిలబడితే ఎండ పైనుంచే కాదు, కిందనుంచి కూడా వస్తుంది. నా ఫోను తీసి చూస్తే నల్లటి అద్దంలా నా ముఖమే కనపడింది. బావ తన ఫోను తీశాడు. అంత తెల్లటి వెలుగులోనూ అంకెలు స్పష్టంగా కనపడ్డాయి. "అచ్చరాలు అగుపిస్తన్నాయిరా!" అని కేకేశాడు. అతని దగ్గర ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న దాలమ్మ పలక పక్కన పెట్టి వచ్చి, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

అక్కడే కూర్చుని ఫోను సర్దాను. గాలి హోరులో రింగు వినపడదు కాబట్టి, కాల్ వస్తే వెనక కెమెరా పక్కనున్న లైటు వెలిగి ఆరేటట్టు పెట్టాను. ఎడమ పక్కన నారింజ రంగు బొత్తాం ఒకటి ఉంది. దాన్ని నొక్కిపడితే మనం పెట్టిన నంబరుకి నేరుగా కాల్ వెళ్తుంది. పరీక్ష కోసం నా నంబరు పెట్టాను. "రిపోర్టు సెప్పాలంటే ఇది నొక్కు బావా, సాలు," అన్నాను.

ఆ బొత్తామే ఆ ఫోనుకున్న పెద్ద లోపం. బావ ఫోను మొలతాడుకి కట్టిన సంచిలో పెట్టుకునేవాడు. వంగి పలక లాగినప్పుడల్లా బొత్తాం నొక్కుకుని నాకు కాల్ వచ్చేది. ఎత్తితే అవతల మాట ఉండదు. పలక ఉప్పు మీద సర్ర్... సర్ర్... మని లాగుతున్న చప్పుడు, మధ్యలో బావ ఊపిరి. మొదట్లో నవ్వుకుంటూ వినేవాణ్ని. రోజుకి రెండు మూడు అయ్యేసరికి ఎత్తడం మానేశాను. ఆ బొత్తాం పనిచేయకుండా పెట్టేస్తాను బావా అంటే, "ఒద్దులే, నీ కాడికి ఎల్తన్నాది గదా, ఉండనీ," అన్నాడు. రిపోర్టులో రాసుకున్నాను: పక్క బొత్తాం పొరపాటున నొక్కుకుంటోంది.

మిగతావన్నీ బాగానే రాసుకున్నాను. ఏప్రిల్లో ఒకసారి ఉప్పునీళ్ల గుంటలో పడి అరగంట ఉండిపోయింది. తీసి మంచినీళ్లతో కడిగితే మామూలుగానే పనిచేసింది. దాలమ్మ పొరపాటున దాని మీద ఉప్పు గంప దించింది. ఏమీ కాలేదు. ఛార్జింగ్ ఒకసారి పెడితే, మాట్లాడకుండా ఉంచితే, ఇరవై రోజులు దాటి ఉంటుంది. అది బావకి ఇవ్వకముందే నేను షాపులో పెట్టి చూశాను. ఇరవై మూడో రోజు దాకా ఉంది.

*

మే రెండో ఆదివారం మధ్యాహ్నం ఆ ఫోను గురించే వీడియో తీస్తున్నాను. షాపు షట్టరు సగం దించి, లైట్లు పెట్టుకుని, "మిత్రులారా, ఇలాంటి గట్టి ఫోను నేనింతవరకు చూడలేదు" అని చెబుతుండగా నా ఫోను మోగింది. బావ. కట్ చేశాను. మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ మోగింది. కట్ చేశాను. ఇంకో రెండు నిమిషాలకి మూడోసారి. ఆదివారం పూట మడిలో పనేమిటి ఈయనకి, బహుశా మంచం మీద ఒత్తిగిలి పడుకున్నాడేమో అనుకున్నాను. నాలుగోసారి వచ్చేటప్పటికి రాజాంలో కూడా గాలి లేచింది. షట్టరు గడగడలాడింది. ఫోను బోర్లా పెట్టి, వీడియో ముగించాను.

సాయంత్రం ఆరింటికి అక్క ఫోన్ చేసింది.

"తమ్ముడా, మీ బావ రాలేదురా ఇంకా."

చర్చి నుంచి వస్తుంటే ఆకాశం నల్లబడిందట. గుట్టకి తాటాకు కప్పకపోతే సీజనంతా కరిగిపోతుందని, తెల్లబట్టలతోనే సైకిలెక్కి మడుల్లోకి వెళ్లాడట. ఒంటిగంటన్నరకి వెళ్లినవాడు. గాలివాన గంటన్నర కురిసింది. ఉప్పుటేరు గట్టు తెగి నీళ్లు మడుల్లోకి వచ్చాయి.

"ఫోను మోగుతన్నాది. ఎత్తట్లేదు. చర్చిలో సప్పుడు రాకుండా నొక్కేసుంటాడు, మళ్లీ తీయడం మర్సిపోతాడు గదా."

"మోగుతోందా?"

"మోగుతన్నాది."

నాకు నాలుగు కాల్స్ వచ్చాయని చెప్పాలి. నోటిదాకా వచ్చింది. "నేను బయల్దేరుతున్నాను అక్కా," అన్నాను. బండి తీసే ముందు, ఎందుకో నాకే తెలీదు, నా ఫోను కాల్ లిస్టులోంచి ఆ నాలుగు లైన్లూ తీసేశాను.

*

సైకిలు మర్నాడు పొద్దున్నే దొరికింది. ఉప్పుటేరు గండి పక్కన, చక్రాలు పైకి తేలి. దాంతో అందరూ బావ ఏటిలో పడ్డాడనే అనుకున్నారు. పడవలు సముద్రం ఒడ్డున భావనపాడు దాకా వెళ్లి వెతికాయి. మడుల్లో మోకాలి లోతు నీళ్లు. మగవాళ్లు రెండుసార్లు గట్ల వెంట వెళ్లి, పేరుపెట్టి పిలిచి వచ్చారు. వానకి అందరి గుట్టలూ సగం కరిగి కూలాయని, బావ గుట్ట ఒక పక్క విరిగి పడిందని చెప్పారు. ఉప్పు సంగతి ఎవరికి కావాలి అప్పుడు?

ఫోను మాత్రం మోగుతూనే ఉంది.

ఏ టవరు కింద ఉందో పోలీసులు చెప్పారు. ఆ టవరు కిందకి ఊరు, మడులు, ఏరు, సముద్రం ఒడ్డు అన్నీ వస్తాయి. ఇంటర్నెట్ ఉంటే ఎక్కడుందో నేనే చూసి చెప్పేవాణ్ని. బావ డేటా వేయించుకోలేదు.

"ఇంకెన్నాళ్లుంటాదిరా?" అని అక్క అడిగింది.

శనివారం రాత్రే ఛార్జింగ్ పెట్టిందట. లెక్క నా నాలిక చివరే ఉంది. "పదేపదే చేయకపోతే రెండు వారాల పైనే ఉంటుంది," అన్నాను. అన్న తర్వాత వాళ్ల ముఖాలు చూస్తే, నేను ఫోను గురించి చెప్పింది వాళ్లు బావ గురించి విన్నారని అర్థమైంది.

అప్పట్నుంచి రోజుకి మూడుసార్లే. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం ఆరింటికి. అక్క వరండాలో కూర్చుని స్పీకరు పెట్టేది. ఇంట్లో అందరూ చుట్టూ చేరేవాళ్లు. అత్త పెదాలు కదుపుతూ ఎన్నిసార్లు మోగిందో లెక్కపెట్టేది. దానంతటది ఆగిపోయాక, "నిద్దరోతున్నాడు," అనేది. ఒకసారి పాస్టరు గారు మెల్లగా ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపింది. "ఫోనుకి పేణముంటే, అది పట్టుకున్నోడికి ఉండదేటి బాబూ?"

పాస్టరు గారు చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు.

మంగళవారం పదకొండు గంటలప్పుడు ఊరి బయట రైలు గేటు దగ్గర నిలబడి ఉన్నాను. ఎండ బాగా కాస్తోంది. జేబులో నా ఫోను మోగింది. తీసి చూశాను. కృపానిధి బావ.

ఎత్తాను.

"బావా."

మాట లేదు. సర్ర్... సర్ర్... మని చప్పుడు. చాలా నెమ్మదిగా. ఒకసారి లాగి, ఆగి, మళ్లీ లాగినట్టు. మార్చిలో వంద సార్లు విన్న చప్పుడే అది. కాకపోతే ఆ రోజు నౌపడ మడులన్నిట్లో నీళ్లున్నాయి. పలక పట్టుకున్న మనిషి ఒక్కడూ లేడు. ఊపిరి వినపడుతుందేమోనని రెండో చెవి మూసుకుని విన్నాను. ఊపిరి లేదు.

"బావా, ఎక్కడున్నావు? సెప్పు బావా."

చప్పుడు ఆగింది. కాల్ తెగిపోయింది. నలభై ఎనిమిది సెకన్లు.

వెంటనే తిరిగి చేశాను. మోగింది. ఎత్తలేదు.

ఇంటికి పరిగెత్తి చెప్పాను. అక్క నా భుజాలు పట్టుకుని ఊపేసింది. "ఏటన్నాడు? ఏటన్నాడురా?" ఏమీ అనలేదన్నాను. చప్పుడు సంగతి చెప్పాను. అత్త దండం పెట్టుకుని ఏడ్చింది. పడవలు మళ్లీ బయల్దేరాయి. ఏటి అవతల మొగలి పొదలన్నీ గాలించారు. నేను ఫోన్లు విప్పి బిగించే మనిషిని కదా, నాలో నేను ఇలా అనుకున్నాను: ఏదో బరువు ఆ బొత్తాం మీద పడి ఉంటుంది, అంతే. అలా అనుకుంటే మనసు కుదుటపడాలి. పడలేదు. బరువు పడాలంటే ఏదో కదలాలి. అక్కడ కదిలిందేమిటి?

*

తర్వాతి సోమవారానికి మడుల్లో నీళ్లు తీశాయి. ఆ సాయంత్రం దాలమ్మ ఇంటికొచ్చింది.

"అమ్మా, మగోళ్లు ఏటిలో ఎతుకుతన్నారు. మన మడిలో మనం ఒకపాలి సూసొద్దుమా? నా మనసు ఒప్పట్లేదు."

అక్క, దాలమ్మ, నేను బయల్దేరాం. గట్లు బురదగా ఉన్నాయి. చేరేసరికి పొద్దు గూకింది. మబ్బు పట్టి ఉండడంతో చీకటి తొందరగా పడుతోంది. గాలి లేదు. మడులు సీసపు రేకుల్లా పరుచుకుని ఉన్నాయి. గట్టు మీద గుట్టలన్నీ వరసగా, వానకి నునుపెక్కి, ఎండకి పెంకు కట్టి, తెల్లగా. బావ గుట్ట అన్నిటికంటే లోపలి చివర. ఏటి వైపు విరిగి పడి, అడుగున పొట్టలా ఉబ్బి ఉంది. పైన నాలుగు తాటాకులు అలాగే ఉన్నాయి. సగమే కప్పగలిగాడు.

ఆరున్నర అయింది. అక్క ఆ పూట కాల్ ఇంకా చేయలేదు. గట్టు మీద నిలబడి చేసింది. స్పీకరులో మోగడం మొదలైంది.

"అల్లదుగో," అంది దాలమ్మ.

ఆమె గొంతులో భయం లేదు. పక్షిని చూపించినట్టు చెప్పింది.

విరిగిపడిన గుట్ట లోపల, నా ఛాతీ ఎత్తున, వెలుతురు వెలిగింది. ఆరింది. మళ్లీ వెలిగింది. ఉప్పు రాయి లోపల్నుంచి తెల్లగా, పాలల్లో దీపం పెట్టినట్టు. వెలిగినప్పుడల్లా పెంకు లోపలి పగుళ్లు కనపడ్డాయి. అక్క చేతిలో కాల్ ఆగిపోయింది. వెలుతురూ ఆగిపోయింది.

అక్క మళ్లీ చేసింది. మళ్లీ వెలిగింది.

ముగ్గురం కదల్లేదు. అక్క చివరిదాకా మోగనిచ్చింది. మూడోసారి చేయబోతే దాలమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "సాలమ్మా. ఇంక ఆపీ తల్లీ."

నేను గోళ్లతో పెంకు పగలగొట్టాను. నాలుగు వేళ్ల లోతునే తగిలింది. రబ్బరు అంచు. దాని చుట్టూ వేళ్లు.

ఎనిమిది రోజులైనా బావ ముఖం మారలేదు. ఉప్పు అలా ఉంచింది. తెల్లచొక్కా గుండీలు అన్నీ పెట్టే ఉన్నాయి. చెయ్యి ముందుకి చాచి ఉన్నాడు, ఎవరికో అందిస్తున్నట్టు. ఆ చేతిలోంచి ఫోను అక్కే తీసుకుంది. నేను ఊళ్లోకి పరిగెత్తి మనుషుల్ని, పోలీసుల్ని తీసుకొచ్చేదాకా అది ఆమె ఒళ్లోనే ఉంది. కానిస్టేబులు టార్చి వేసి రాసుకుంటూ అడిగితే ఇచ్చింది, అతను చూసి తిరిగిచ్చేశాడు. తెర మీద గీత లేదు. ఛార్జింగ్ యాభై ఎనిమిది శాతం ఉంది.

ఆదివారమే పోయాడని, ఉప్పు గుట్ట అతని మీద కూలిన గంటలోపే ఊపిరాగి ఉంటుందని డాక్టరు చెప్పారు. నేను ఆ గంటను మనసులో కొలిచి చూసుకున్నాను. ఇప్పటికీ కొలుస్తుంటాను.

*

భూస్థాపన అయింది. ఇంటివాళ్లని ఓదార్చే ఆదరణ కూడికా అయింది. ఆ కూడికలోనే అక్క అందరి ముందూ చెప్పింది, జనవరి వస్తే మడులు తనే చేయిస్తానని, దాలమ్మ తోడుంటుందని. ఎవరో వద్దనబోతే అత్త, "సెయ్యనీండి," అంది.

జూన్లో కంపెనీ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. రిపోర్టు రాలేదంది. డిజైను ఎలా ఉంది, తెర ఎలా ఉంది అని అడుగుతూ పోయింది. "గట్టితనానికి అయిదుకి ఎంత ఇస్తారు సార్?" అంది.

"అయిదు," అన్నాను.

ఫోను తిరిగి పంపమంటే, లేదని చెప్పాను. ఆ వీడియో ఎవరికీ చూపించలేదు. తీసేశాను.

జూన్ ఆఖరి వారం నౌపడ వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను. వాన పడుతోంది. అక్క వరండాలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఎదురుగా కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలీక, "అక్కా, ఆ ఆదివారం..." అన్నాను.

"నాలుగు," అంది తలెత్తకుండా.

ఇంకో రాయి ఏరి పక్కన పడేసింది.

"రెండూ పన్నెండుకొకటి. పదమూడుకొకటి. రెండుంపావుకి. ఆఖరిది రెండున్నరకి. అన్నీ నీకే. గుట్ట కాణ్నించి నువ్వు ఊళ్లోకి పరిగెత్తినప్పుడు సూసినాను. పోలీసోళ్లు, అత్త సూడకుండా తీసీసినాను." పళ్లెం పక్కన పెట్టింది. "ఏటి సేస్తన్నావురా అప్పుడు?"

"వీడియో తీస్తన్నాను."

"దేని గురించి?"

"ఆ ఫోను గురించే."

చూరు నీళ్లు ధారలు కడుతున్నాయి. వాటినే చూస్తూ, "ఎత్తుంటే బతికేవోడా?" అంది.

లేదని చెప్పడానికే మూడు గంటలు బండి మీద వచ్చాను. దారంతా ఆ మాటే కూడబలుక్కున్నాను. తీరా ఆమె ముఖం చూశాక అది రాలేదు. "దాలమ్మకి ఫోన్ సేసేవోణ్ని అక్కా," అన్నాను. "ఆమె ఇల్లు మడులకి పది నిమిషాలు."

అక్క తల ఊపింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"ఒకటడుగుతాను, నిజం సెప్పు. మంగళారం నీకు కాల్ వచ్చినాదా? నన్ను ఓదార్చడానికి అన్నావా?"

"వచ్చింది."

"ఆ ఫోన్లో లేదురా. ఆదివారం తర్వాత దాన్నించి ఒక్కటీ ఎల్లలేదు. మనం సేసినవే ఉన్నాయి, ఎత్తనివి. నేను తీసీసినవి ఆ నాలుగే."

పన్నెండేళ్లుగా ఫోన్లు విప్పుతున్నాను. ఒక ఫోన్లోంచి కాల్ వెళ్తే ఆ ఫోన్లో రాసి ఉంటుంది. అక్క లోపలికెళ్లి దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టింది. తేదీల వారీగా కిందకి లాగి చూశాను. మంగళవారం పొద్దున ఆరింటికి అక్క చేసింది ఉంది. పదకొండూ ఎనిమిదికి నేను తిరిగి చేసింది ఉంది. ఆ రెంటికీ మధ్య ఏమీ లేదు.

నా ఫోను తీశాను. నెలన్నర నాటి లిస్టులోకి వెళ్లి ఆమెకి చూపించాను. కృపానిధి బావ. మంగళవారం. పదకొండూ ఏడు.

అక్క దాన్ని రెండు చేతులతో పట్టుకుని, చిన్నప్పుడు బళ్లో చదివినట్టు పైకి చదివింది. "నలబై ఎనిమిది సెకన్లు." ఆమె చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం నాకు కనపడింది. నావీ అలాగే ఉన్నాయి.

"దీన్ని ఎత్తినావు గదా," అంది.

"ఎత్తాను."

"పిలిసినావా?"

"బావా అని పిలిచాను. రెండుసార్లు."

నా ఫోను నాకు తిరిగిచ్చింది. నా తల మీద చెయ్యి వేసి, కొంచెం గట్టిగానే నొక్కింది.

"మీ బావకది సాల్రా," అంది. లేచి, కొంగుతో ముఖం తుడుచుకుని, లోపలికి కేకేసింది. "అత్తా, తమ్ముడు ఈ పూట ఇక్కడే తింటాడు. ఇంకో గుప్పెడు బియ్యం పడేయ్."